లోపలి గడియ

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 22

చెల్లీ,

ఫోనులో నిమిషం దాటితే మనిద్దరి గొంతులూ లేస్తాయి. నువ్వు పెట్టేస్తావు, లేకపోతే నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే ఒకరి మాట ఒకరు చివరిదాకా వినక తప్పదు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి.

అమ్మ పోయి ఇవాళ్టికి మూడు వారాలు. నిన్న కోల్డ్ స్టోరేజీ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మందపాటి కాగితం, పైన బంగారు రంగులో వాళ్ళ ముద్ర. "మా సంస్థలో పద్నాలుగేళ్ళు సేవలందించిన మీ తల్లిగారి అకాల మరణానికి చింతిస్తున్నాము" అని మొదటి వాక్యం. రెండోది చూడు: "భద్రతా నియమాలను పాటించక, ఒంటరిగా శీతల గదిలోకి ప్రవేశించడం వల్ల ఈ దురదృష్టకర ఘటన జరిగినట్లు మా విచారణలో తేలింది." తేలిందట! ఎవరిని విచారించారు? ఎవరు చెప్పారు? ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచి రెండు అద్దాలు పగలగొట్టాను. దుకాణం ఓనరు ఆ ముక్కలు తనే ఊడ్చేశాడు.

నీకు తెలిసిందే అయినా వరసగా రాస్తాను. ఆ రోజు శనివారం, సగం పూటే పని. ఒంటిగంటకి అందరూ ఇళ్ళకి బయల్దేరారు. బఠాణీల పెట్టెలు లెక్కపెట్టి, చీటీ రాసిపెట్టి వెళ్ళమని మేనేజరు అమ్మకి చెప్పాడు. అమ్మ ఆ మైనస్ ఇరవై గదిలోకి వెళ్ళింది. వెనక తలుపు మూసుకుంది. లోపలి నుంచి తీసే గడియ పనిచేయలేదు. వాచ్‌మన్ లోపల ఎవరున్నారో చూడకుండా బయటి షట్టరు దించి, తాళం వేసుకుని పోయాడు. మళ్ళీ తెరిచింది సోమవారం పొద్దున ఎనిమిదింటికి. ఇందులో అమ్మ చేసిన తప్పేమిటో నాకు చూపించు. చెప్పిన పని చెయ్యడమా?

మా దుకాణానికి కళ్ళజోళ్ళకి వచ్చే లాయరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడకి ఉత్తరం చూపించాను. "పోలీసు కేసు వేరమ్మా, అది ప్రభుత్వం నడుపుతుంది. ఎవరి నిర్లక్ష్యం వల్లయినా మనిషి పోతే, ఆ మనిషి పిల్లలు సొంతంగా నష్టపరిహారం దావా వేయొచ్చు. అది మీరే నడపాలి" అంది. వారసులంతా ఒకే దావాలో ఉండాలట. గడువు కూడా ఉందట, అది దాటితే ఎంత న్యాయమున్నా కోర్టు మొహం చూడదు. కాబట్టి నీ సంతకం కావాలి. వకాల్తా కాగితం దీంతో పంపుతున్నాను.

ఇంకొకటి. వాళ్ళు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దని లాయరమ్మ గట్టిగా చెప్పింది. నువ్వేమీ పెట్టలేదు కదా?

అక్క


ప్రెస్సు, ప్రూఫుల బల్ల
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని మూడు రోజులు చూశాను. ఎదురుగా ఏడో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫులు గుట్టగా పడి ఉన్నాయి. ఒక్క పేజీ సాగలేదు.

కేసు వేస్తే ఏమొస్తుంది? ఏళ్ళు పడుతుంది. వాళ్ళ దగ్గర నలుగురు లాయర్లుంటారు. వాళ్ళు అమ్మని పదిమంది ముందు నిలబెట్టి, బుద్ధి లేని మనిషని, చెబితే వినని మనిషని మళ్ళీ ఒకసారి చంపుతారు. అది నువ్వు వినగలవేమో. నాకు ఆ ఓపిక లేదు. మీ మరిది కూడా అదే అంటున్నారు. ఇచ్చింది తీసుకుని తలుపు మూసుకోవడం మంచిదట. "తలుపు మూసుకోవడం" అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయనే నాలిక్కరుచుకున్నారు.

నీకు కోపం వస్తే ఎదుటివాళ్ళకి ఊపిరాడదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఇప్పుడు ఆ కోపంలోకి నన్నూ లాగుతున్నావు. నేను ఏడవాలనుకుంటున్నాను అక్కా, నాకు ఏడవడానికి కాస్త టైమివ్వు.

వకాల్తా నా దగ్గరే ఉంది. ఆలోచించి చెబుతాను.

చెల్లి


దుకాణం, వెనక గది
మార్చి 12

చెల్లీ,

నేనడిగిన దానికి నువ్వు జవాబివ్వలేదు. సరే, పెట్టలేదనే అనుకుంటాను.

నువ్వు ఏడువు. వద్దనలేదు. కానీ నువ్వు ఏడుస్తున్న టైములో వాళ్ళేం చేస్తున్నారో విను. అమ్మతో పని చేసిన తూకం పెద్దాయన తెలుసు కదా, కాటా దగ్గర కూర్చునే ఆయన. ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు, లోపలికి రమ్మనడానికి భయం.

"మీ అమ్మ పద్నాలుగు నెలల్లో మూడుసార్లు రాసిందమ్మా, రిపేర్లు రాసే ఎర్రట్ట పుస్తకంలో. 'లోపలి గడియ తెరుచుకోవడం లేదు' అని. నా కళ్ళారా చూశా."

"మేనేజరు ఏమన్నాడు?"

"చూద్దాంలే అన్నాడు. ఇంకేమంటాడు? లోపలికెళ్ళేటప్పుడు తలుపు సందులో ఖాళీ పెట్టె అడ్డం పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఖాళీ పెట్టెలన్నీ లారీ ఎక్కేశాయి."

"ఇప్పుడా గడియ ఎలా ఉంది?"

"బుధవారానికల్లా కొత్తది బిగించేశారు. తళతళలాడుతోంది."

చూశావా? పద్నాలుగు నెలలు అమ్మ అడిగితే దొరకని గడియ, అమ్మని బయటికి తీసిన మూడో రోజుకి దొరికింది. "ఇదంతా కోర్టులో చెప్తారా?" అన్నాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "నాకింకా రెండేళ్ళ సర్వీసుందమ్మా" అన్నాడు. నేను మెట్లు దిగేశాక వెనక నుంచి పిలిచి, "చెప్తాలే. నా ఎదురుగా పద్నాలుగేళ్ళు నిలబడి పని చేసింది" అన్నాడు.

లాయరమ్మ వాళ్ళకి నోటీసు పంపింది. తలుపు, ఆపద గంట, ఎర్రట్ట పుస్తకం, దేన్నీ మార్చకూడదు, పారేయకూడదు అని. మనం చెయ్యాల్సినవి పోలీసు రిపోర్టు నకలు, పోస్టుమార్టం కాగితాలు, అమ్మ జీతం చీటీలు, మనమే వారసులమన్న ధ్రువపత్రం. అన్నీ నేను పోగుచేస్తున్నాను. ధ్రువపత్రానికి నువ్వూ రావాలి.

ఇంకో సంగతి. నేను మొగుణ్ణి వదిలేశాక, అమ్మ నాకు తెలియకుండా వాడి గుమ్మానికి వెళ్ళి "నా కూతుర్ని ఏలుకో" అని బతిమాలి వచ్చింది. ఆ తర్వాత అమ్మ పోయేదాకా రెండేళ్ళు నేను అమ్మతో మాట్లాడలేదు. అది మన ముగ్గురికే తెలుసు. ఆ సంగతి ఎక్కడా ఎత్తకు. లాయరమ్మకి కూడా నేను చెప్పలేదు.

అక్క


ప్రెస్సు
ఏప్రిల్ 2

అక్కా,

వకాల్తా మీద సంతకం పెట్టి పంపుతున్నాను. ధ్రువపత్రానికి పదో తారీఖున వస్తాను. నీ కోసం పెట్టలేదు. తూకం పెద్దాయన గుమ్మంలో నిలబడి తన చేతులు చూసుకున్నాడని రాశావే, ఆ వాక్యం చదివి పెట్టాను. అంత భయపడే మనిషి నోరు విప్పుతానంటుంటే, కడుపున పుట్టినదాన్ని నేను మూల కూర్చోవడం బాగాలేదు.

నువ్వు దాచమన్నది నా అంతట నేను చెప్పను. కానీ కోర్టులో ప్రమాణం చేయించి అడిగితే అబద్ధం చెప్పలేను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకు.

ఈ పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. వెలుతురుకి ఎత్తిపట్టి చదవడానికి చూడకు.

చెల్లి


దుకాణం
జూన్ 19

వాళ్ళ జవాబు కోర్టుకి వచ్చింది. దానికి జత చేసిన కాగితం నకలు లాయరమ్మ నా చేతిలో పెట్టింది.

"మా తల్లి మరణం ఆమె స్వంత అజాగ్రత్త వల్ల సంభవించినదని, సంస్థపై మాకు ఎటువంటి ఆరోపణ లేదని, ఇకముందు ఎటువంటి దావా వేయబోమని అంగీకరిస్తున్నాను." కింద నీ సంతకం. నీ గుండ్రటి అక్షరాలు, చివర నువ్వు గీసే ఆ తోక.

కామా తప్పితే నీకు అన్నం సహించదు. బస్సు మీద రాసిన బోర్డులో దీర్ఘం లేకపోతే కండక్టరుతో పోట్లాడే మనిషివి. అమ్మ చావు కాగితం చదవకుండా సంతకం పెట్టావా? నేను ఫిబ్రవరిలో అడిగాను. మార్చిలో అడిగాను. రెండుసార్లూ నీళ్ళు నమిలావు. ఏప్రిల్లో నా పక్కన కూర్చుని ధ్రువపత్రం తీసుకున్నావు, నా డబ్బాలో అన్నం తిన్నావు, నోరు మాత్రం విప్పలేదు.

లాయరమ్మ ముందు తల కొట్టేసినట్టయింది. ఎందుకు పెట్టావో రాయి. ఇంకేమీ రాయకు.


ఇల్లు
జూన్ 25

అక్కా,

చదవకుండా పెట్టలేదు. చదివాను. ప్రతి అక్షరం చదివాను. అమ్మ వయసు అరవై ఒకటి అని తప్పు వేశారు. అది కొట్టేసి పైన యాభై మూడు అని దిద్ది, మరీ సంతకం పెట్టాను. ఇప్పుడు నీకు తృప్తిగా ఉందా?

ఆ సోమవారం ఎనిమిదిన్నరకి నాకు ఫోనొచ్చింది. నీకు పదకొండుసార్లు చేశాను. నేను ఫోన్ చేస్తే అమ్మ తరఫున రాయబారానికేనని నువ్వు ఎత్తడం మానేసి ఏడాది దాటింది. రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చాను. ఆసుపత్రి వెనక, ఆ తెల్ల పలకల గోడ పక్కన బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. మేనేజరూ, ఇంకొకాయనా వచ్చి చెరోపక్కా కూర్చున్నారు. "ఈ ఫారం లేకపోతే లోపల పని మొదలవదమ్మా, ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. ఆవిణ్ణి అలా ఉంచడం బాగుంటుందా?" అన్నారు. అమ్మని మళ్ళీ ఇంకో చల్ల పెట్టెలో రెండు రోజులు ఉంచుతారని నాకర్థమైంది. అక్కా, అప్పటికే రెండు రోజులు ఉంది. ఇంకొక్క గంట కూడా అమ్మని చలిలో ఉంచలేకపోయాను. వాళ్ళు ఏం రాసిచ్చినా పెట్టేదాన్ని. నా తల తీసుకోమంటే ఇచ్చేదాన్ని.

ఆ కాగితం అబద్ధమని పెట్టేటప్పుడే తెలుసు. చదవకుండా పెట్టినవాళ్ళకి కనీసం ఆ సుఖం ఉంటుంది.

అమ్మ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్నదానివి. నువ్వొచ్చేసరికి సాయంత్రం అయిదయింది. వచ్చీరాగానే "ఎవరికీ బుద్ధి లేదా, నాకెందుకు చెప్పలేదు" అని అరిచావు. అందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాను. ఆ జవాబు ఈరోజు చెబుతున్నాను. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఫోన్ ఎత్తలేదు కాబట్టి.

చెల్లి


దుకాణం
ఆగస్టు 8

చెల్లీ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఆరు వారాలు పట్టింది. నాలుగు చించేశాను. నువ్వన్నది నిజం. దాని గురించి ఇంతకంటే రాయడం ఇప్పుడు నావల్ల కాదు.

లాయరమ్మకి నీ ఉత్తరం చూపించాను, కోప్పడకు. ఆవిడ కాగితం నకలు మళ్ళీ తీసి, నువ్వు వయసు దిద్దిన చోట భూతద్దం పెట్టింది. పక్కన నీ పొట్టి సంతకం, తేదీ, టైము ఉన్నాయి. "ఫిబ్రవరి 3, 11.40." ప్రెస్సులో ఏది దిద్దినా అలా వెయ్యడం మీకు అలవాటట కదా. కాగితం పైన మాత్రం వాళ్ళు ఫిబ్రవరి 14 అని అచ్చేసుకున్నారు, "కుటుంబ సభ్యులతో సావకాశంగా చర్చించిన మీదట" అని కూడా. పోస్టుమార్టం మొదలైంది ఆ మూడో తారీఖు మధ్యాహ్నం రెండింటికి. అంటే అమ్మ ఎలా పోయిందో డాక్టరుకే తెలియకముందు, అమ్మ తప్పేనని నీచేత ఒప్పించారన్నమాట. "ఇలా లాక్కున్న సంతకం నిలవదు. పైగా అక్కగారి సంతకం లేదు, ఆవిడ హక్కు ఈవిడ వదులుకోలేదు" అని కోర్టులో చెబుతుందట. చాలారోజులకి లాయరమ్మ నవ్వడం చూశాను. నాకు నవ్వు రాలేదు.

మొన్న గురువారం కోర్టు పంపిన ఇంజనీరు తలుపు చూడ్డానికి వచ్చాడు. నేనూ వెళ్ళాను. మేనేజరు "లోపలికి మీరెందుకమ్మా, చలి" అన్నాడు. వాడి నోటంట ఆ మాట రావడం చూడు! నేను లోపలికి నడిచాను.

గడియ కొత్తది. దాని చుట్టూ పాత మరల రంధ్రాలు నాలుగు, పుట్టీ పెట్టి పైన రంగేశారు. ఇంజనీరు గోటితో గీకితే పుట్టీ రాలింది. తలుపు పక్కన గోడకి ఎర్ర బొత్తాం ఉంది, "ఆపదలో నొక్కండి" అని. ఇంజనీరు నొక్కబోతుంటే "నేను నొక్కుతాను" అన్నాను. నొక్కాను. టక్కుమంది. బయట ఏమీ మోగలేదు. మళ్ళీ నొక్కాను. ఇంజనీరు మూత విప్పితే లోపల రెండు తీగల చివర్లు, వాటికి టేపు చుట్టి ఉంది. దేనికీ తగిలించలేదు.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?" అని అక్కడి కరెంటాయన్ని అడిగాడు.

"నేను చేరినప్పట్నుంచీ ఇంతే సార్" అన్నాడు ఆయన. మేనేజరు గుడ్లురిమాడు. అప్పటికే ఇంజనీరు రాసేసుకున్నాడు.

పోస్టుమార్టం రిపోర్టులో కుడి పిడికిలి కమిలి ఉందని ఉంది, చదివావు కదా. ఆ బొత్తాం చుట్టూ గోడ రంగు లేచిపోయి ఉంది. నిద్రలో పోయినట్టు హాయిగా పోయి ఉంటుందని నాతో అన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ తీసుకెళ్ళి ఆ గోడ చూపించాలని ఉంది.

ఎర్రట్ట పుస్తకం కనబడ్డం లేదట. ఎలకలు కొట్టేశాయట. మైనస్ ఇరవైలో బతికే ఎలకలు!

అక్క


ఇల్లు
నవంబరు 16

అక్కా,

నేను బోనులో ఉన్నప్పుడు నువ్వు బయట వరండాలో ఉన్నావు. నీ సాక్ష్యం అయ్యేదాకా వినకూడదని నిన్ను పంపేశారు. తర్వాత నీ మొహం చూడకుండా బస్సెక్కేశాను. ఇక నీ సాక్ష్యం వచ్చే నెలకి వేశారు కాబట్టి, అక్కడ జరిగింది రాయకూడదేమో. రాస్తాను. ఇది కోర్టు సంగతి కాదు, మన సంగతి.

ముందు ఇది విను. పోయిన వారం కోల్డ్ స్టోరేజీ వాళ్ళ మనిషి ఒకడు మా ఇంటికి వచ్చాడు. పెద్ద మొత్తమే ఇస్తారట. షరతులు రెండు. తప్పు వాళ్ళదని ఎక్కడా ఉండదు, మనం ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకూడదు. మీ మరిది తల ఊపారు. నేను పెన్సిలు తీసుకుని ఆ రెండు షరతుల మీదా అడ్డగీత కొట్టి, "ఇవి తీసేసి తెండి, అప్పుడు చదువుతాను" అన్నాను. మళ్ళీ రాలేదు. ఈసారి సంతకం పెట్టలేదని నీకు చెప్పాలనిపించింది.

ఇక బోనులో సంగతి. వాళ్ళ లాయరు మెత్తగా మొదలుపెట్టాడు.

"మీ అక్కగారికీ మీ తల్లికీ మాటలున్నాయా?"

"లేవు."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళుగా."

ఆయన జడ్జి వైపు తిరిగి, "రెండు వీధుల దూరంలో ఉండి రెండేళ్ళు మొహం చూడని కూతురికి, తల్లి పోతే ఏం నష్టం కలిగిందో చెప్పగలరా?" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ మీద కోపం ఎంతున్నా, అది నాది. వాడెవడు? చెప్పాను అక్కా. ఆ రెండేళ్ళలో అమ్మ కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది. రెండుసార్లూ చీటీ నా పేరు మీద నీ దుకాణానికి పంపాను. నువ్వు ఎవరికని అడగలేదు. రెండోసారి వచ్చిన అద్దాలకి ఆవిరి పట్టని పూత వేసి ఉంది. నేనడగలేదు ఆ పూత. చల్ల గదిలోంచి బయటికి రాగానే అద్దాలు మసకబారితే, తుడుచుకోవడానికి చేతికి తొడుగులు అడ్డమని తెలిసిన మనిషి ఆ దుకాణంలో ఇంకెవరున్నారు? "అమ్మ ఆ జోడు పెట్టుకుని, 'దానికి నా మీద కోపం పోలేదు, పోనీలే, పనిలో కోపం చూపించలేదు' అంది. మా ఇంట్లో మాట్లాడుకోవడం అంటే ఇది సార్" అన్నాను.

జడ్జి రాసుకున్నారు.

నీ మీద జాలితో చెప్పలేదు. నిజం కాబట్టి చెప్పాను.

చెల్లి


దుకాణం
డిసెంబరు 12

చెల్లీ,

నిన్న నా వంతు అయింది. తీర్పులో ఎలాగూ వస్తుంది, అక్కడ చదివేముందు నా నోటి నుంచి విను.

వాళ్ళ లాయరు అడిగాడు. "శనివారం మధ్యాహ్నం నుంచి మీ తల్లి ఇంటికి రాలేదు. మీరు దగ్గర్లోనే ఉంటారు. మీకేమీ తెలియలేదా?"

"తెలియలేదు" అంటే సరిపోయేది. ఎవరూ నన్ను చూడలేదు. లాయరమ్మకీ తెలియదు. నీకూ తెలియదు. పది నెలలుగా ఆ మాట నా గొంతులో ఉంది.

శనివారం నాలుగింటికి నేను అమ్మ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళాను. తలుపుకి తాళం ఉంది. సన్నగా తుంపర పడుతోంది. దండెం మీద అమ్మ బట్టలు తడుస్తున్నాయి. శనివారం అమ్మ ఒంటిగంటన్నరకల్లా ఇంట్లో ఉంటుందని నాకు తెలుసు. బట్టలు తడవనిచ్చే మనిషి కాదని తెలుసు. ఆగాను. గేటు మీద చెయ్యి కూడా వేశాను. లోపలికెళ్ళి బట్టలు తీస్తే, అమ్మ తిరిగొచ్చి చూసి నేనే తగ్గానని అనుకుంటుందని, చెయ్యి తీసేసి వెళ్ళిపోయాను.

ఇదంతా బోనులో నిలబడి చెప్పాను. ఆ చలిలో అమ్మ మూడు నాలుగు గంటలు బతికి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నాలుగింటికి అమ్మ బతికుందో లేదో ఎవరూ చెప్పలేరు. వాళ్ళ లాయరు మొహం వెలిగిపోయింది. "చూశారా, సొంత కూతురే పట్టించుకోలేదు" అన్నాడు. లాయరమ్మ కాగితాలు సర్దుకుంటూ నా వైపు చూడలేదు.

కేసు పోతే నా వల్ల పోయినట్టు. కానీ మేనేజరు "నాకు ఎవరూ చెప్పలేదు" అని, వాచ్‌మన్ "నేను చూడలేదు" అని, కోల్డ్ స్టోరేజీ ఓనరు "నాకు తెలియదు" అని కోర్టుకి వరసగా రాసిచ్చారు. వాళ్ళ తర్వాత బోను కట్టె పట్టుకుని నేనూ "తెలియదు" అనలేకపోయాను.

తూకం పెద్దాయన తొణక్కుండా చెప్పాడట. ఎర్రట్ట పుస్తకంలో ఏ పేజీలో ఏముందో కూడా చెప్పాడట. సాక్ష్యం అయిన మూడో రోజున ఆయన్ని ఊరవతల గోడౌనుకి మార్చారు.

అక్క


ప్రెస్సు
డిసెంబరు 20

చదివాను.

గేటు మీద చెయ్యి వేశావు. వేసి తీసేశావు.

ఇప్పుడు నేనేం రాసినా తర్వాత దిద్దుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్ళు నాకు రాయకు. కేసు మాత్రం ఆపకు.


కోర్టు ఎదుటి కాఫీ హోటలు
జూలై 9

చెల్లీ,

రాయొద్దన్నావు, ఏడు నెలలు రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. తీర్పొచ్చింది.

గెలిచాం. తప్పు పూర్తిగా వాళ్ళదే. నీ సంతకం చెల్లదని రాశారు. "తల్లి శవం కోసం ఎదురుచూస్తున్న కూతురి దగ్గర తీసుకున్న సంతకాన్ని అంగీకారం అనలేము" అని. ఎర్రట్ట పుస్తకం పోయిందన్న కథ జడ్జి నమ్మలేదు. పుస్తకం తేకపోతే, అందులో తమకు వ్యతిరేకంగా ఉన్నది నిజమనే అనుకోవాల్సి వస్తుందని రాశారు. అమ్మ వైపు రవ్వంత అజాగ్రత్త కూడా లేదని విడిగా ఒక పేరా. ఇవ్వాల్సింది మూడు నెలల్లో ఇవ్వాలి. ఆ కంపెనీ గదులన్నిటికీ గడియలూ గంటలూ పరీక్ష చేయించమని సంబంధిత శాఖకి నకలు పంపారు.

నా గురించి కూడా ఉంది. ఇరవై ఏడో పేరా. జడ్జి పైకి చదివారు, నేను వెనక బెంచీలో లేచి నిలబడి విన్నాను. "ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా చూడవలసిన బాధ్యత దాని యజమానిది. వీధిలో నడిచి వెళ్ళిన కూతురిది కాదు. తన కేసుకే నష్టమని తెలిసీ ఆమె నిజం చెప్పింది. కనుక ఆమె మిగతా మాటలనూ ఈ కోర్టు నమ్ముతోంది."

వరండాలో కోల్డ్ స్టోరేజీ ఓనరు ఎదురొచ్చాడు. మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. మామూలు మనిషి. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఇప్పటికైనా మీ కోపం చల్లారిందా అమ్మా?" అన్నాడు.

"ఆ మాట వాడకండి" అన్నాను.

ఏ మాటో ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తల దించుకుని వెళ్ళిపోయాడు. అప్పీలుకి వెళతారట. వెళ్ళనీ. మనమూ వెళదాం.

చెల్లీ, నిన్నటిదాకా నా కోపమంతా వాళ్ళ మీదే అనుకున్నాను. ఇవాళ వాళ్ళ వాటా కోర్టు వాళ్ళకి పంచి ఇచ్చేశాక చూసుకుంటే, ఇంకా చాలా మిగిలింది. అది ఎవరిదో నాకు తెలుసు. జడ్జి కాదన్నంత మాత్రాన అది కాకుండా పోదు.

తీర్పు నకలు జత చేస్తున్నాను.

అక్క


ఇల్లు
జూలై 14

అక్కా,

తీర్పు మొత్తం చదివాను. ఇరవై ఏడో పేరా చాలాసార్లు చదివాను.

జడ్జి నిన్ను వదిలేశారు. నేను ఇంకా వదల్లేదు. ఏడు నెలలుగా రోజూ ఆ గేటు దగ్గర నీ చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూనే ఉన్నాను. అలాగని ఆ తెల్ల పలకల గోడ పక్కన నేను పట్టిన కలాన్ని నువ్వు వదిలేశావని కూడా అనుకోవడం లేదు. మనిద్దరం ఒకరినొకరు క్షమించుకున్నామని కాగితం మీద రాసుకుంటే అది అబద్ధం.

ఆదివారం పదింటి బస్సుకి వస్తున్నాను. రెండు రోజులుంటాను. అరవాలనుంది. నువ్వు మధ్యలో లేచిపోకూడదు, నేనూ పోను. ఈ భూమ్మీద అమ్మ గురించి గొంతెత్తి పోట్లాడటానికి నాకు మిగిలింది నువ్వొక్కదానివే. నీ మీద కాక ఇంకెవరి మీద అరవను?

చెల్లి